పాషాకో స్తంభం, గారొవ్‌కో స్తంభం

మా నాన్న పేరు రదోయ్‌కో. ఆయన ముక్కు రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ విరగ్గొట్టింది ఆయన సొంత అన్న, మా పెదనాన్న వుకాషిన్. మొదటిసారి చిన్నతనంలో, ద్రాక్షతోటలో పార నాదంటే నాదని పెనుగులాడుతూ. రెండోసారి నా పెళ్లిలో, కాల్చిన పంది మాంసంలో మంచి ముక్క ఎవరి కంచంలో పడిందన్న మాట మీద. బాకాలు ఊదేవాళ్లు ఊదడం కూడా ఆపలేదు. నా పెళ్లి ఫొటోల్లో సగం వాటిలో మా నాన్న ముక్కులో దూది పెట్టుకునే కనిపిస్తాడు.

నాన్న మా ఊరు స్మెదెరెవోలోని ఉక్కు కర్మాగారంలో ఎర్రగా కాలిన రేకులు చుట్టలు చుట్టే చోట పనిచేసి రిటైరయ్యాడు. ఆ రొదకు చెవులు మందగించాయి. మాట తక్కువ. ఇంటికొచ్చి పిల్లితో మాట్లాడినన్ని మాటలు కూడా తనతో మాట్లాడడని చెప్పి మా అమ్మ నోవి సాద్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. పెదనాన్న తీరు నాన్నకు పూర్తిగా విరుద్ధం. లారీ డ్రైవరు. మిలిటరీలో ఉన్నప్పుడు బాక్సింగ్ చేశాడు. గొంతు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. ఇద్దరు భార్యలు వదిలేశారు. నాన్న ఎప్పుడూ ముందుగా చెయ్యి ఎత్తేవాడు కాదు. కానీ దెబ్బ పడ్డాక చేతికి ఏది దొరికితే దానితో తిరిగి కొట్టేవాడు. పెదనాన్న ఎడమ మోకాలు ఎప్పటికీ సరిగా వంగకపోవడానికి కారణం మా వంటింట్లోని ఇనప గరిటె.

మా నాన్నమ్మ పోయినప్పుడు బస్టాండు వెనకాల అపార్టుమెంట్లలో నాలుగో అంతస్తులో ఉన్న ఒకటిన్నర గది ఇల్లు ఇద్దరి పేరా రాసిపోయింది. అమ్మి పంచుకోండని ఊరంతా చెప్పింది. ముందు ఎవరు తన వాటా వదులుకుంటే వాడు ఓడిపోయినట్టని ఇద్దరి లెక్క. అందుకని ఇద్దరూ ఒకే వారంలో సామాన్లతో దిగారు. పెద్ద గది పెదనాన్న తీసుకున్నాడు, సగం గది నాన్నకు వచ్చింది. వంటిల్లు, నడవా ఉమ్మడి.

ఇద్దరికీ చెరో మగపిల్లి. పెదనాన్న పిల్లి పాషా, ఇటుక రంగుది, బాతంత బరువు. త్రియెస్తె రేవులో లారీ ఎక్కి వచ్చేసిందట. ఒక చెవి సగం అక్కడే పోగొట్టుకుంది. నాన్న పిల్లి గారొవ్, మసి రంగుది, సన్నగా, పొడుగ్గా ఉండేది. కర్మాగారంలో వేడి గొట్టం కింద పుట్టింది. రెంటికీ ఎప్పుడో పిల్లలు పుట్టకుండా ఆపరేషను అయింది కాబట్టి కొట్టుకోవులే అనుకున్నారు. కింద పెరట్లో కుక్కల గుంపు ఉండేది, పిల్లి దొరికితే చీల్చేసేవి. అందుకని ఇద్దరూ వాటిని గడప దాటనిచ్చేవాళ్లు కాదు.

సామాన్లు విప్పకముందే నడవాలో మొదటి యుద్ధం జరిగింది. పాషా తలుపుకు అడ్డంగా పడుకుంది. గారొవ్ గోడ వెంట జరుగుతూ పోబోయింది. కీచుమన్న శబ్దం, తర్వాత నేల మీద రెండు రంగుల బొచ్చు ఉండ దొర్లడం, చెప్పుల స్టాండు బోర్లా పడడం. గారొవ్ తొడ చీరుకుపోయింది. గోడ మీద మోకాలెత్తున నెత్తురు చిమ్మింది. పెదనాన్న వాటిని విడదీయడానికని గారొవ్‌ను కాలితో ఒక్క తన్ను తన్నాడు. అది వెళ్లి వంటింటి తలుపుకు కొట్టుకుంది.

నాన్న దాన్ని చేతుల్లోకి తీసుకుని, మళ్లీ తన్నావంటే ఊరుకోనని మెల్లగా అన్నాడట. పెదనాన్నకు అది చాలు. నాన్న పక్కటెముక విరిగిన శబ్దం తనకు వినబడిందని కింది ఇంటి రూజా అత్త నాకు చెప్పింది. నాన్న చెప్పుల స్టాండు పలకతో ఆయన చెవి మీద కొట్టాడు. రూజా అత్త నీళ్ల గొట్టం మీద గరిటెతో బాదింది. ఆపకపోయేసరికి పోలీసులకు ఫోను చేసింది. వచ్చిన ఇద్దరూ కుర్రాళ్లు. తాతల వయసు మనుషులు పిల్లుల కోసం నెత్తురు కార్చుకోవడం చూసి వాళ్లే సిగ్గుపడి, కాఫీ తాగి పోయారు.

నేను నది అవతల కోవిన్‌లో ఉంటాను. ఫోను రాగానే బయల్దేరి వచ్చాను. నాన్న ఛాతీకి కట్టు, పెదనాన్న తలకు కట్టు, గారొవ్ తొడకు కుట్లు. ముగ్గురిలో కాస్త మర్యాదగా ఉన్నది పిల్లి ఒక్కటే.

కుట్లు వేసిన పశువైద్యురాలు యాగొదా గట్టి మనిషి. ఆవులను, పందులను చూసి చూసి ఆమె మాట కూడా అలాగే తయారైంది. చొక్కా చేతులు మడుచుకుని, గారొవ్‌ను నా ఒళ్లో పట్టించి, చెప్పాల్సింది చెప్పింది. ఆ ఇంట్లో నేల లేదు. ఉన్న నేలకు ఒక పిల్లి చాలు. రెండో దానికి చోటు కావాలంటే గోడల మీద, పైన వెతకాలి. పైకి ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఇంకో దారి ఉండాలి. పడుకునే ప్రతి గూటికీ రెండు కన్నాలు ఉండాలి. "మూలకు తరిమితే చీమ కూడా కరుస్తుందమ్మా. ఇది పిల్లి" అంది. ఇదంతా నేను ఇద్దరికీ వివరంగా చెప్పాను. నాన్న తలూపాడు. పెదనాన్న కోటు వేసుకుని బజారుకు వెళ్లిపోయాడు.

సాయంత్రానికి పాషా కోసమని, పిల్లులు ఎక్కి ఆడుకునే ఒక పెద్ద స్తంభం భుజం మీద మోసుకొచ్చాడు. బూడిదరంగు బొచ్చుగుడ్డ చుట్టిన అరలు, పైన గుండ్రటి పీట, వేలాడే బంతులు. దుకాణంలో ఉన్నవాటిలో అదే పొడవైనదట. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో నెట్టి చూశాడు. మనిషంత ఎత్తుకు కింద అడుగు పళ్లెమంత కూడా లేదు. గోడకు బిగించడానికి మేకు కూడా ఇవ్వలేదు. ఊగుతోందని చెప్పాడు.

"నీ దరిద్రపు పిల్లి ఎక్కకపోతే ఊగదు" అన్నాడు పెదనాన్న.

ఆదివారం భోజనమయ్యాక ఆయన దాని పక్కనే సోఫాలో కునుకు తీస్తున్నాడు. గారొవ్ తలుపు సందులోంచి తొంగి చూసింది. పాషా పై పీట మీంచి ఎగిరింది. బాతంత బరువు ఒక్కసారిగా వెనక్కి తన్నేసరికి స్తంభం నిలువునా కూలి, పీట అంచు పెదనాన్న నుదుటి మీద పడింది. కళ్లలోకి నెత్తురు కారుతుండగా లేచిన మనిషికి తలుపు దగ్గర నాన్న కనిపించాడు. ఇంకేం కావాలి? నెట్టింది వీడేనని తేల్చుకున్నాడు. స్తంభాన్ని మోకాలితో విరిచి, ఒక ముక్క బాల్కనీలోంచి విసిరేశాడు. కింద బెంచీ మీద చదరంగం ఆడుకుంటున్న ముసలాళ్ల మధ్య అది పడి, పావులు పొదల్లోకి ఎగిరిపోయాయి. రెండో ముక్కతో నాన్న మూతి మీద కొట్టాడు. ముందు పళ్లు రెండూ ఊడి, ఒకటి గొంతులోకి పోయింది. నాన్న దగ్గుతూ, నేల మీద పడ్డ ఆ ముక్కనే అందుకుని, పెదనాన్న కింద పడేదాకా ఆయన వంగని మోకాలి మీద కొట్టాడు. ఇద్దరూ ఆ బొచ్చుగుడ్డ ముక్కల మధ్యే కూలబడి ఆయాసపడుతుంటే రూజా అత్త తలుపు తోసుకుని లోపలికి వచ్చిందట.

నాన్నకు కోపం వస్తే పని చేస్తాడు. పక్కటెముక కట్టు విప్పీ విప్పకముందే భవనాల పాత సామాను అమ్మే చోటికి వెళ్లి, శ్లాబు పోసేటప్పుడు కింద నిలబెట్టే ఇనప జాకీ ఒకటి తెచ్చుకున్నాడు. మర తిప్పితే నేలకూ పైకప్పుకూ మధ్య బిగుసుకునేది. పైనా కిందా రబ్బరు ముక్కలు అతికించాడు. కప్పును సుత్తి పిడితో తట్టుకుంటూ తిరిగాడు. నడవాలో, తన సగం గదిలో పైకప్పు కింద అట్టముక్కల కప్పు ఇంకోటి వేలాడుతోంది, అక్కడ బిగిస్తే పగిలిపోతుంది. పెద్ద గదిలో మాత్రం అసలు శ్లాబే. అంటే స్తంభం పెట్టాల్సింది పెదనాన్న గదిలో.

ఆ సంగతి చెప్పడానికి నన్ను మధ్యలో కూర్చోబెట్టాడు. పెదనాన్న చాలాసేపు నవ్వాడు. తర్వాత తనూ వెళ్లి ఇంకో జాకీ తెచ్చాడు. తమ్ముడి చేతి పని మీద తన పిల్లి ఎక్కదట.

అలా ఒకే గదిలో ఇద్దరు ముసలాళ్లు, ఒకరికొకరు వీపు పెట్టి, చెరో ఇనప గొట్టానికి కిత్తనార తాడు చుట్టడం మొదలెట్టారు. జిగురు రాసి, వరస పక్కన వరస, వేలిసందు కూడా లేకుండా. తాడు వదులైతే పిల్లి గోరు ఇరుక్కుని విరుగుతుంది. ప్లైవుడ్ పలకలు కోశారు. పిల్లి కాళ్లు చాపి పడుకునేంత వెడల్పు ఉండాలి, ఒకదాని కింద ఒకటి కాకుండా మెట్లలా పక్కపక్కకు జరగాలి. రెండు స్తంభాలనూ కలుపుతూ తలుపు పైన గోడకు ఒక బల్ల వంతెనలా బిగించాలని నాన్న అన్నాడు. పెదనాన్న ఒప్పుకున్నాడు. పై పలక ఎవరిది ఎత్తో అన్న దాని మీద ఒప్పుకోలేదు. రోజూ టేపు పెట్టి కొలుచుకునేవాళ్లు. ఒక రోజు నాన్న పలక బెత్తెడు ఎక్కువుందని పెదనాన్న స్పానరు విసిరితే అది నాన్న తలను తప్పి, గాజు తలుపును పగలగొట్టింది. దానికి బదులా అన్నట్టు ఇంకో రోజు నాన్న పెదనాన్న బొటనవేలు మీద సుత్తి వేశాడు. జారిందన్నాడు. జారలేదని నాకు తెలుసు.

గూళ్లు నేల మీద పెట్టి తయారుచేశారు. నాన్న గారొవ్ గూటికి రెండు కన్నాలు కోశాడు. పెదనాన్న మాత్రం పాషాకు ఒక్కటే కోశాడు.

"రాజుకి ఒక గుమ్మం చాలు. దొడ్డిదారి దొంగలకి" అన్నాడు నాన్న వైపు చూడకుండా.

పని జరుగుతున్నంత కాలం పిల్లులను వేరువేరుగా మూసి ఉంచేవాళ్లు. ఒకనాడు గాలికి సగం గది తలుపు తెరుచుకుంది. గారొవ్ వచ్చి, కొత్త చెక్క వాసనకు కాబోలు, నేల మీదున్న పాషా గూటిలో దూరింది. అదే సమయానికి పాషా వంటింట్లోంచి బయటపడింది. గూటి నోటికి అడ్డంగా నిలబడి పంజా లోపలికి తోసింది. లోపలినుంచి వచ్చిన అరుపు పిల్లి అరుపులా లేదట. చెక్క గూడు నేల మీద దానంతటదే కదులుతోంది. పెదనాన్న పాషాను మెడ పట్టి లాగాడు. అది ఆయన ముంజేతిని మణికట్టు నుంచి మోచేతి దాకా గీరేసింది. నాన్న ఉత్త చెయ్యి గూటిలో పెట్టాడు. ఆ చీకటిలో గారొవ్‌కు ఏ చెయ్యి ఎవరిదో ఏం తెలుస్తుంది? చూపుడువేలి మొదట్లో కోరలు ఎముక దాకా దిగాయి, వదలలేదు. నాన్న పిల్లిని వేలికి వేలాడదీసుకునే బయటికి లాగాడు.

పైకి చూస్తే చిన్న చిన్న రంధ్రాలే. ప్లమ్ పళ్ల సారా పోసి గుడ్డ చుట్టుకున్నాడు. మర్నాటికి చెయ్యి రొట్టెలా పొంగింది. మధ్యాహ్నానికి ఎర్రటి గీత మోచెయ్యి దాటింది. చలిజ్వరంతో పళ్లు టకటక కొట్టుకుంటున్నా, వంటింట్లో కూర్చుని చెయ్యి సారా గిన్నెలో ముంచుకుని, తగ్గిపోతుందన్నాడు. ఆస్పత్రికి పదమని పెదనాన్న రెండుమూడుసార్లు అడిగాడట. నువ్వు చెబితే అసలు రానన్నాడట నాన్న.

పెదనాన్న కుర్చీ పక్కకు లాగి, దవడ మీద ఒక్కటిచ్చాడు. తెలివి తప్పిన తమ్ముణ్ని బస్తాలా భుజాన వేసుకుని, లిఫ్టు చెడిపోయి ఉంటే ఆ వంగని మోకాలితోనే నాలుగు అంతస్తులు దిగాడు. మెట్ల మీద చూసిన రూజా అత్త, ఆఖరికి చంపేశాడని పోలీసులకు చెప్పింది. వాళ్లు నేరుగా ఆస్పత్రికే వచ్చారు. డాక్టరు అప్పుడే నాన్న దవడ వాపు చూసి, ఇది పిల్లి కాటు కాదే అంటున్నాడు.

"అది నేను. కొట్టకపోతే వచ్చేవాడు కాదు" అన్నాడు పెదనాన్న.

ఇంకొక్క రోజు ఆగి ఉంటే చెయ్యి మొత్తం తియ్యాల్సి వచ్చేదన్నారు. చూపుడువేలు మాత్రం దక్కలేదు.

నాన్న ఆస్పత్రిలో ఉండగా బట్టల కోసం నేను ఆ ఇంటికి వెళ్లాను. పెదనాన్న నేల మీద కాళ్లు చాపుకుని, పాషా గూటిని తొడల మధ్య బిగించి, చేతి రంపంతో వెనకవైపు చెక్క కోస్తున్నాడు. ముంజేతి మీద గీతలు ఎండి నల్లబడ్డాయి.

"మీ తాత బెల్టు తీసినప్పుడు మా ఇంటికి ఒకటే తలుపు" అన్నాడు నన్ను చూసి, రంపం ఆపి. "ఆయన దాని ముందే నిలబడేవాడు. నాకు పోయే దారుండేది కాదు. వెనక్కి తిరిగితే వీడుండేవాడు."

"అప్పుడు?"

"అప్పుడేముంది, వీణ్ని కొట్టేవాణ్ని." రంపం మళ్లీ ఆడించాడు. "అలవాటైపోయింది తల్లీ."

మా తాత గురించి ఆ ఇంట్లో ఎవరి నోటా నేను అంతకుముందు ఒక్క మాట వినలేదు. నాన్న చెప్పలేదు, నాన్నమ్మా చెప్పలేదు. నేను బట్టలు సంచిలో పెట్టుకుంటూ ఉంటే చెక్క ముక్క ఊడి నేల మీద పడింది. పెదనాన్న ఆ కన్నం అంచులను ఉప్పుకాగితంతో రుద్దాడు, పిల్లి కడుపుకు గుచ్చుకోకుండా.

నాన్న ఇంటికొచ్చేసరికి పని మొత్తం అయిపోయింది. తలుపుకు అటొకటి ఇటొకటి స్తంభాలు నిలబడ్డాయి, కదిపినా కదలవు. తలుపు పైన వంతెన కూడా గోడకు బోల్టులతో బిగించాడు. నేను నాన్న పక్కనే ఉన్నాను. ఆయన కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని గది మధ్య నిలబడి చూశాడు. పాషా స్తంభం గోడ హీటరు పక్కన ఉంది. గారొవ్ స్తంభం చలి గోడ పక్కన, బాల్కనీ తలుపు సందులోంచి గాలి కొట్టే చోట.

నాన్న మంచి చెయ్యి పిడికిలి బిగించి పెదనాన్న మొహం మీద కొట్టాడు. నా ఎరుకలో ఆయన ముందుగా చెయ్యి ఎత్తడం అదే మొదటిసారి. పెదనాన్న వెనక్కి తూలి గోడకు ఆనుకున్నాడు. నాన్న మళ్లీ కొట్టాడు. పెదవి పగిలింది. మూడోసారి కొట్టాడు. నేను ఇద్దరి మధ్యకు వెళ్లబోయాను. పెదనాన్న చేత్తో నన్ను పక్కకు జరిపాడు. ఆయన పిడికిళ్లు బిగుసుకున్నాయి, చూస్తూనే ఉన్నాను. పైకి మాత్రం లేవలేదు. నాన్నకు ఆయాసం వచ్చి, కొట్టడం దానంతటదే ఆగిపోయింది.

"అయిందా?" అన్నాడు పెదనాన్న.

నాన్న నెత్తురు కారుతున్న ఆ మొహాన్ని చూసి, తర్వాత తన కట్టు వైపు చూసుకున్నాడు.

"వేడి దానికే ఎందుకు?" అన్నాడు. గొంతు పిల్లాడి గొంతులా ఉంది.

పెదనాన్న చొక్కా అంచుతో మూతి తుడుచుకుని స్పానరు తీశాడు. రెండు జాకీల మరలూ విప్పి, వంతెన బోల్టులు ఊడదీసి, స్తంభాలను అటుది ఇటు, ఇటుది అటు మార్చి మళ్లీ బిగించాడు. చీకటి పడేదాకా పట్టింది. నాన్న ఒంటి చేత్తో కింద పట్టుకున్నాడు. మధ్యలో ఒకసారి గొట్టం జారి నాన్న కాలి మీద పడబోతే పెదనాన్న తన మోకాలు అడ్డం పెట్టి బూతులు తిట్టాడు. నాన్న కూడా తిట్టాడు. రూజా అత్త కింద గొట్టం మీద కొట్టింది, అలవాటు కొద్దీ.

పిల్లులు స్నేహితులయ్యాయని చెప్పను. పాషా మొదటి వారమంతా వేడి స్తంభం కింద కూర్చుని పైకి చూస్తూ గుర్రుమనేది. ఒకసారి సగం దాకా ఎక్కింది. గారొవ్ రెండో కన్నంలోంచి వంతెన మీదుగా అటు పోయింది. తరమడానికి ఎదురుగా ఎవరూ లేకపోయేసరికి పాషా అక్కడే కూర్చుండిపోయింది, దిగడం గుర్తు రానట్టు. ఎదురుపడినప్పుడల్లా ఇప్పటికీ పంజాలు ఆడతాయి, అప్పుడప్పుడు చెవి తెగుతుంది. కానీ నెత్తురు గోడెక్కలేదు. కొన్నాళ్లకు రబ్బరు నలిగి జాకీలు వదులవుతాయి. నెలకోసారి మర బిగించాలి. ఆ పని పెదనాన్న చేస్తాడు, నాన్నకు స్పానరు మీద ఇప్పుడు సరిగా పట్టు దొరకదు.

అన్నదమ్ములు అరుచుకుంటారు, కంచాలు పగులుతాయి. మా ఇంటి వేల్పు సెయింట్ నికోలా పండుగ నాడు పూజ కొవ్వొత్తి ఎవరు వెలిగించాలని తోసుకుంటే వచ్చిన చుట్టాలు సగం భోజనంలో లేచారు. చెయ్యి మాత్రం మళ్లీ పడలేదు. నేను అడిగితే నాన్న, ముసలోడయ్యాడు పాపం, కొట్టే ఓపిక లేదంటాడు. పెదనాన్నను అడిగితే అదే మాట నాన్న మీద అంటాడు.

పోయిన శీతాకాలం యాగొదా ఆ అన్నదమ్ముల ఇంటికి ఒక మూడు రంగుల ఆడపిల్లిని తెచ్చి, రైలు పట్టాల దగ్గర దొరికిందని వదిలి పోయింది. వద్దు మొర్రో అని ఇద్దరూ ఒకే గొంతుతో మొత్తుకున్నారు. అది వచ్చిన పూటే పాషా ముక్కు చీరింది, గారొవ్‌ను వంతెన మీంచి తోసింది. ఆపబోయిన ఇద్దరి చేతులూ గీరింది. నేను వెళ్లేసరికి పెదనాన్న చీపురు, నాన్న బొంత పట్టుకుని సోఫా వెనక నిలబడి ఉన్నారు. అది వేడి స్తంభం పై పలక మీద కూర్చుని కాళ్లు నాక్కుంటోంది.

"దీనికి ఇంకోటి కట్టాలిరా" అన్నాడు పెదనాన్న.

"ఎక్కడ కడతావ్? చోటేది?" అన్నాడు నాన్న, అప్పటికే అన్న చేతిలోని చీపురు లాక్కుని, వంటింట్లోకి వెళ్లి దాని పిడితో కప్పును తట్టి చూస్తూ.